ఖాళీగా చూస్తే 12.7 వోల్టులు, లోడ్ వేస్తే గంట కూడా నిలవట్లేదు: బ్యాటరీ మార్చాలా?

లాంతరు_లత
అందరికీ నమస్తే. మాది 12 వోల్టుల ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ, నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం. మూడేళ్లు దాటింది. లోడ్ పెద్దగా ఏం లేదు. రెండు ఫ్యాన్లు, నాలుగైదు ఎల్‌ఈడీ లైట్లు, టీవీ, రౌటర్ అన్నీ కలిపి 250 వాట్ల దాకా ఉంటాయి. కొత్తలో నాలుగు గంటల పైనే వచ్చేది. ఇప్పుడు గంట తిరక్కుండానే బీప్ కొట్టి ఆగిపోతోంది.

చూసిన మెకానిక్ బ్యాటరీ అయిపోయింది, మార్చేయమన్నారు. కానీ మల్టీమీటర్ పెడితే 12.7 చూపిస్తోంది. ఇన్వర్టర్ మీద ఫుల్ లైటు కూడా వెలుగుతోంది. నీళ్లు లెవెల్లోనే ఉన్నాయి. బ్యాటరీ పోయుంటే ఫుల్ అని ఎలా చూపిస్తుంది? కొనేముందు ఇక్కడ ఓసారి అడుగుదామనిపించింది.

సెల్_ఆరు
అప్పుడే కొనకండి లత గారూ. మెకానిక్ చెప్పింది నిజమే కావచ్చు, కానీ ఆయన ఏం కొలిచి చెప్పారో మీరు రాయలేదు.

లోడ్ లేకుండా 12.7 వచ్చిందంటే, పనిచేస్తున్న ప్లేటు వరకు ఛార్జ్ ఎక్కిందని మాత్రమే అర్థం. ఆ పనిచేసే ప్లేటు ఎంత మిగిలిందో ఆ అంకె చెప్పదు. ప్లేట్లకి సల్ఫేట్ (సరిగా ఛార్జ్ ఎక్కకపోతే గట్టిపడే పొర) పట్టి సగం కెపాసిటీ పోయిన బ్యాటరీ కూడా ఖాళీగా 12.7 చూపించగలదు. ఛార్జర్ ఆపిన వెంటనే చూస్తే ఇంకా ఎక్కువే, 13 పైన కూడా కనబడుతుంది. ఆ పైపై ఛార్జ్ దిగడానికి కనీసం నాలుగైదు గంటలు వదిలేయాలి.

అసలు సంగతి లోడ్ మీదే తెలుస్తుంది. రాత్రంతా ఛార్జ్ కానివ్వండి. పొద్దున మెయిన్ ఆపేసి మీ మామూలు లోడ్ అంతా వేయండి. పది నిమిషాలయ్యాక మూడు చోట్ల వోల్టేజీ చూడండి. మొదట బ్యాటరీ సీసపు పోస్టుల మీదే ప్రోబులు ఆనించి, తర్వాత కేబుల్ లగ్గుల (కేబుల్ చివర పోస్టుకి బిగించే లోహపు కొసల) మీద, చివరికి ఇన్వర్టర్ వెనక కేబుల్ లోపలికి వెళ్లేచోట. మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి.

లిథియం_లోకం
లెడ్ యాసిడ్ రోజులు పోయాయండీ. లిథియంకి మారిపోండి, నీళ్లు పోసే గొడవ కూడా ఉండదు.

పాత_ఫ్యూజు
ఏ థ్రెడ్‌లోకి వెళ్లినా ఈ మాట సిద్ధంగా ఉంటుంది. ముందు జబ్బేంటో తేలనివ్వండి సార్. ఆ ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో కూడా మనకి తెలియదు.

నిర్వాహకుడు
కొలిచే ముందు ఒక్కమాట. ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయండి. స్పానర్ రెండు పోస్టులకీ ఒకేసారి తగిలితే వందల ఆంపియర్లు పారతాయి, లోహం ఎర్రగా కాలుతుంది. కేబుల్ విప్పాల్సి వస్తే ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర్లో నెగటివ్. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే అంటుకోగలదు కాబట్టి కిటికీలు తీసి పెట్టుకోండి, దగ్గర్లో నిప్పు, స్పార్కు ఉండకూడదు. యాసిడ్ దగ్గర కళ్లద్దాలు, గ్లోవ్స్ తప్పనిసరి.

లాంతరు_లత
చేశాను. పోస్టుల మీద 12.2, లగ్గుల మీద 11.6, ఇన్వర్టర్ దగ్గర 11.3. ఒకే బ్యాటరీకి మూడు అంకెలేంటి అసలు?

సెల్_ఆరు
ఆ తేడాలోనే మీ బ్యాకప్ చాలావరకు పోతోంది.

250 వాట్ల లోడ్‌కి, ఇన్వర్టర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే, బ్యాటరీ నుంచి దాదాపు 25 ఆంపియర్లు లాగుతుంది. పోస్టుకీ లగ్గుకీ మధ్య 0.6 వోల్టులు పోతున్నాయి. అంటే ఆ జాయింట్‌లో 15 వాట్లు ఉత్త వేడిగా పోతోంది. లోడ్ ఆపాక లగ్గు మీద చెయ్యి పెడితే మీకే తెలుస్తుంది. మిగిలిన 0.3 కేబుల్‌లో పోతోంది. చూడబోతే 6 స్క్వేర్ ఎంఎం వైరు వేసినట్టున్నారు. ఈ పనికి 16కి తక్కువ వాడకూడదు, 25 అయితే మరీ మంచిది. పొడుగు కూడా ఎంత తక్కువుంటే అంత మేలు.

ఇన్వర్టర్‌కి తన దగ్గరకొచ్చే వోల్టేజీయే కనిపిస్తుంది. చాలావాటిలో లో-బ్యాటరీ కట్ (వోల్టేజీ తగ్గితే ఆపేసే హద్దు) 10.5 దగ్గర ఉంటుంది. బ్యాటరీలో నిజంగా 11.4 ఉండగానే ఇన్వర్టర్‌కి 10.5 కనిపించి ఆపేస్తుంది.

ఇంకో నష్టం ఛార్జింగ్ అప్పుడు. 15 ఆంపియర్లు వెళ్తుంటే ఇదే దారిలో అర వోల్టు పైనే పోతుంది. ఛార్జర్ తన వైపు 14.4 చూసి పని అయిపోవచ్చిందనుకుని కరెంటు తగ్గించేస్తుంది. అక్కడ బ్యాటరీకి అందింది 13.9 మాత్రమే. ఇలా నెలల తరబడి పూర్తిగా నిండని బ్యాటరీకి సల్ఫేట్ పట్టక ఏమవుతుంది?

రెండు లగ్గులూ విప్పి చూడండి. తెల్లగానో ఆకుపచ్చగానో పొడి ఉంటుంది. వంటసోడా కలిపిన నీళ్లతో కడగండి, ఆ నీళ్లు సెల్ (బ్యాటరీలోని ఒక్కో గది) లోపలికి మాత్రం పోకూడదు. పోస్టు, లగ్గు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, బిగించాకే పైన పెట్రోలియం జెల్లీ రాయండి. చాలామంది ముందు జెల్లీ పూసి తర్వాత బిగిస్తారు. అలా చేయొద్దు.

బీప్_బీప్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది కంప్యూటర్ యూపీఎస్, లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ. స్క్రీన్ మీద 100 శాతం ఉంటుంది, కరెంటు పోయిన మరుక్షణం కంప్యూటర్ కూడా పోతుంది. బ్యాటరీదేనా, యూపీఎస్‌దా?

పాత_ఫ్యూజు
బ్యాటరీ బయటకి తీసి ముందు ఆకారం చూడండి. పక్కలు ఉబ్బి ఉంటే ఇక పరీక్షలేమీ వద్దు, దాన్ని గుచ్చకుండా, నొక్కకుండా రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి. ఉబ్బి లోపల ఇరుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో తవ్వొద్దు, యూపీఎస్ బాడీ విప్పి తీయండి.

ఆకారం బాగుంటే కారు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి సంపాదించండి. ఛార్జ్ చేసిన బ్యాటరీకి తగిలిస్తే 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. మంచి బ్యాటరీ అయితే రెండు గంటలు దాటి వెలిగిస్తుంది. కొన్ని నిమిషాల్లోనే 11.5 కిందకి జారిపోతే బ్యాటరీదే తప్పు. సీల్డ్ బ్యాటరీలు యూపీఎస్‌లో మామూలుగా మూడు నుంచి అయిదేళ్లు వస్తాయి, అదీ చల్లగా ఉంటేనే. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగానికి పడుతుందని లెక్క. చాలా యూపీఎస్‌లు బల్ల కింద మూల్లో, గాలి ఆడని చోట ఉంటాయి.

కొత్తది వేశాక అసలు పని మర్చిపోకండి. ఫుల్ అయ్యాక, బ్యాటరీ తగిలించి ఉండగానే దాని టెర్మినల్స్ మీద ఫ్లోట్ వోల్టేజీ (నిండాక ఛార్జర్ నిలబెట్టి ఉంచే వోల్టేజీ) చూడండి. 13.5 నుంచి 13.8 మధ్య ఉండాలి. గంటల తరబడి 14.4 మీదే కూర్చుంటే ఛార్జింగ్ బోర్డు పాడైంది, కొత్త బ్యాటరీని కూడా ఉడికించేస్తుంది. ఏడాదికో బ్యాటరీ మారుస్తున్నవాళ్లలో చాలామంది ఈ ఒక్క కొలత తీసుకోరు.

బీప్_బీప్
ఉబ్బింది. తేలిపోయింది. ఫ్లోట్ చూసి చెప్తాను.

లాంతరు_లత
మీరన్నట్టే నెగటివ్ లగ్గు కింద పచ్చటి పొడి. పాజిటివ్ వైపు కొంచెం తెల్లగా ఉంది. శుభ్రం చేయించి 16 స్క్వేర్ ఎంఎం కేబుల్ వేయించాను. ఇప్పుడు అదే లోడ్ మీద పోస్టుల దగ్గర 12.2, ఇన్వర్టర్ దగ్గర 12.1. బ్యాకప్ రెండున్నర గంటలకి పెరిగింది! కానీ పాత నాలుగు గంటలు రావట్లేదు. వయసైపోయిందని వదిలేయనా?

కొలిమి
బ్యాటరీలో యాసిడ్ పలచబడి ఉంటుంది. కొత్త యాసిడ్ కొంచెం కొంచెం పోయండి, గ్రావిటీ (యాసిడ్ చిక్కదనం) లేస్తుంది. మేం ఇలాగే చేసేవాళ్లం.

సెల్_ఆరు
లత గారూ, దయచేసి యాసిడ్ పోయకండి. @కొలిమి గారూ, కోపం తెచ్చుకోకండి, లేస్తుందన్నది నిజమే, కానీ లేచేది హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే సాధనం) అంకె ఒక్కటే. డిశ్చార్జ్ అయినప్పుడు సల్ఫేట్ ప్లేట్లలోకి వెళ్తుంది, అందుకే లోపలి యాసిడ్ పలచబడుతుంది. దాన్ని మళ్లీ బయటికి తెచ్చేది ఛార్జింగే. పైనుంచి యాసిడ్ పోస్తే ప్లేటులో సల్ఫేట్ అలాగే ఉండిపోతుంది, చిక్కటి యాసిడ్ ప్లేటు లోపలి సీసపు గ్రిడ్‌ని తినేస్తుంది. బ్యాటరీ ఒలికిపోతే తప్ప యాసిడ్ పోయాల్సిన పనిలేదు. మామూలుగా ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఆర్వో నీళ్లు కూడా వద్దు, వాటిలో లవణాలు ఎంతోకొంత మిగులుతాయి.

ఇప్పుడు హైడ్రోమీటర్ కావాలి. ఫుల్ ఛార్జ్ అయ్యాక ఆరు సెల్స్‌లోనూ గ్రావిటీ చూసి వరసగా రాయండి. నీళ్లు పోసిన వెంటనే చూడొద్దు, కలవడానికి ఒక ఛార్జింగ్ అయినా పడుతుంది. ట్యూబులర్‌లో ఫుల్ అంటే చాలావరకు 1.240 దగ్గర ఉంటుంది, మీ బ్యాటరీ మీద రాసిన అంకె ఉంటే అదే ప్రమాణం. అంకె ఎంతుందన్నది ఒకెత్తు, సెల్‌కీ సెల్‌కీ తేడా ఎంతుందన్నది ఇంకోఎత్తు.

పాత_ఫ్యూజు
అలాగే ఆ "బ్యాటరీకి ప్రాణం పోసే" పొడులూ, మాత్రలూ కూడా ఎవరైనా చెప్తారు చూడండి. ముందే చెప్తున్నాను, వద్దు.

జంట_24
మాది 24 వోల్టులు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో. పోయినేడు ఒకటి చెడిపోతే అదొక్కటే మార్చాం. ఇప్పుడు కొత్తది తెగ నీళ్లు తాగుతోంది, మీదకి చెవి పెడితే బుసబుస శబ్దం. పాతది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. కొత్తదాంట్లోనే లోపం ఉందా?

సెల్_ఆరు
నా అనుమానం పాతదాని మీదే. ఛార్జింగ్ నడుస్తుండగా రెండింటి వోల్టేజీ విడివిడిగా చూడండి. ఇన్వర్టర్ మొత్తం 28.8 ఇస్తుంది, అది సగం సగం పంచుకుంటున్నాయో లేదో దానికి తెలియదు.

పాతదాంట్లో ఒక సెల్ షార్ట్ అయిందనుకోండి. 12 సెల్స్‌కి 2.4 చొప్పున వెళ్లాల్సిన 28.8 వోల్టులు 11 సెల్స్ మీద పడతాయి, ఒక్కోదానికి 2.6 పైన. పాతది 13 దగ్గర ఉంటే కొత్తది 15.7కి వెళ్లిపోతుంది. నీళ్లు తాగడం, బుసబుస అక్కడివే. ఇలా కొనసాగితే కొత్తది కూడా పాడవుతుంది, తర్వాత ఇంకొకటి కొంటారు.

సిరీస్‌లో ఉన్నవాటిని ఒకే వయసు, ఒకే రకం జతగానే మార్చాలి. అది కుదరకపోతే బ్యాటరీ బ్యాలెన్సర్ అనే చిన్న పరికరం మధ్య జాయింట్‌కి కడతారు. కానీ సెల్ షార్ట్ అయితే అది కూడా ఏమీ చేయలేదు.

జంట_24
12.9, 15.6. మీరు చెప్పిన అంకెలు దాదాపు అలాగే దిగాయి. ఛార్జింగ్ ఆపేశాను.

సెల్_ఆరు
మంచి పని చేశారు. 15.6 అందుకున్నదాన్ని పూర్తిగా చల్లారనిచ్చి, నీళ్ల లెవెల్ చూసి, విడిగా 12 వోల్టుల ఛార్జర్ మీద పరీక్షించుకోండి. ప్లేట్లు బయటపడి ఉంటే ముందు అవి మునిగేంత వరకే నీళ్లు పోసి, మిగతాది ఛార్జ్ అయ్యాక పోయండి.

లాంతరు_లత
గ్రావిటీ ఇదిగో. ఒకటో సెల్ నుంచి: 1.235, 1.240, 1.235, 1.175, 1.240, 1.235. నాలుగోది తేడాగా ఉంది.

సెల్_ఆరు
మిగతా అయిదూ బాగానే ఉన్నాయి. నాలుగోది 0.060 పైన తక్కువ. సాధారణంగా 0.030 దాటితే అనుమానించాలి. ఇక్కడ రెండు అవకాశాలున్నాయి. చాలాకాలం సరిగా ఛార్జ్ ఎక్కక ఆ సెల్ వెనకబడి ఉండొచ్చు, మీ లగ్గు కథ చూస్తే ఇదే అనిపిస్తోంది. లేదా లోపల మెల్లగా షార్ట్ అవుతుండొచ్చు. మొదటిదైతే తిరిగొస్తుంది.

తేల్చడానికి ఈక్వలైజ్ ఛార్జింగ్ చేయాలి, అంటే వెనకబడ్డ సెల్ కూడా నిండేలా కావాలని ఎక్కువ వోల్టేజీ దాకా ఛార్జ్ చేయడం. ఇన్వర్టర్ కేబుల్స్ విప్పేసి, కరెంటు సెట్ చేసుకునే వీలున్న విడి ఛార్జర్‌తో 5 నుంచి 7 ఆంపియర్లు పెట్టి, వోల్టేజీని 15.5 దాకా వెళ్లనివ్వాలి. ఇన్వర్టర్ తగిలించి ఉండగా ఇంత వోల్టేజీ పెడితే అది దెబ్బతినొచ్చు. గంటగంటకీ నాలుగో సెల్ గ్రావిటీ రాసుకోవాలి. నీళ్లు 50 డిగ్రీలు దాటితే ఆపి చల్లారనివ్వాలి. వరసగా మూడు గంటలు అంకె కదలకపోతే అక్కడితో అయిపోయినట్టే. ఇది అలవాటున్నవాళ్ల చేత చేయించండి, ఒంటరిగా ఇంట్లో పెట్టుకోవద్దు. సీల్డ్ బ్యాటరీకి ఈ పని ఎప్పుడూ చేయకూడదు.

ఒక గుర్తు చెప్తాను. అన్ని సెల్స్‌లో బుడగలు వస్తూ నాలుగోదాంట్లో మాత్రం నీళ్లు కదలకుండా ఉంటే, అది షార్టే.

పాత_ఫ్యూజు
వారంటీ ఇంకా ఉంటే మాత్రం ఇవన్నీ చేసే ముందే ఈ ఆరు అంకెలు, లోడ్ మీద వోల్టేజీ రాసి కంప్లైంట్ పెట్టండి. "బ్యాకప్ రావట్లేదు" అంటే ఛార్జ్ చేసి తిప్పి పంపేస్తారు. "నాలుగో సెల్ 1.175" అంటే వినక తప్పదు.

రీస్టార్ట్_రాజు
మా ఇంట్లో బ్యాకప్ బాగానే ఉంది, కానీ కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది. ఇదీ బ్యాటరీదేనా?

పాత_ఫ్యూజు
కాకపోవచ్చు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. నార్మల్ మోడ్‌లో మారడానికి పట్టే టైము కంప్యూటర్ ఓర్చుకోలేకపోవచ్చు. ఇంకో సంగతి, యూపీఎస్ మోడ్‌లో ఇన్‌పుట్ వోల్టేజీ హద్దు ఇరుగ్గా ఉంటుంది. మీకు మెయిన్ వోల్టేజీ తరచూ బాగా తగ్గే అలవాటుంటే కరెంటు ఉన్నా బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంటుంది, ఛార్జింగ్ ఆగిపోతుంటుంది. అప్పుడు కంప్యూటర్‌కి వేరే చిన్న యూపీఎస్ పెట్టుకోవడమే నయం.

లాంతరు_లత
తెలిసిన బ్యాటరీ మెకానిక్ దగ్గర ఈక్వలైజ్ చేయించాను. నాలుగో సెల్‌లో బుడగలు ఆలస్యంగానైనా వచ్చాయి. గ్రావిటీ 1.210 దగ్గర ఆగింది. బ్యాకప్ ఇప్పుడు మూడు గంటలు దాటుతోంది.

సెల్_ఆరు
బుడగలొచ్చాయంటే పూర్తి షార్ట్ కాదు. వీలైతే ఫుల్ ఛార్జ్ చేసి, కేబుల్ విప్పి నాలుగైదు రోజులు ఊరికే ఉంచి మళ్లీ గ్రావిటీ చూడండి. నాలుగోది మిగతావాటికంటే వేగంగా పడిపోతుంటే మెల్లగా లీకవుతోందన్నమాట. అప్పుడు ఎన్నాళ్లొస్తే అన్నాళ్లు. పడకపోతే నిశ్చింతగా వాడుకోండి. ఒక్క వెనకబడ్డ సెల్ ఉన్న బ్యాటరీని మరీ అడుగంటేదాకా మాత్రం వాడకండి. ఆ సెల్ మిగతావాటికంటే ముందు ఖాళీ అయి, వాటి కరెంటు దాని మీదుగా పారుతూ రివర్స్ (ప్లస్, మైనస్ తారుమారు) అయిపోతుంది.

నీలి_ప్యాక్
లిథియం వాళ్లం కూడా ఉన్నాం ఇక్కడ. 16 సెల్స్ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్, 51.2 వోల్టులది. యాప్‌లో ఇంకా 30 శాతం ఉందని చూపిస్తుండగానే ధబాల్న ఆగిపోతోంది. ఛార్జింగ్ 54 వోల్టులకి సెట్ చేసి ఉంది, అంతకుముందు లెడ్ యాసిడ్ బ్యాటరీలకి పెట్టిన సెట్టింగే. బీఎంఎస్ (ప్యాక్‌లో సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) పోయిందా?

లిథియం_లోకం
హమ్మయ్య, నాకూ పని దొరికింది. బీఎంఎస్ తన పని తాను చేస్తున్నట్టే ఉంది. 54ని 16తో భాగిస్తే సెల్‌కి 3.375. ఫుల్ అంటే 3.65 దాకా వెళ్లగల సెల్ అక్కడే ఆగిపోతోంది. ఎల్‌ఎఫ్‌పీలో మధ్య భాగమంతా వోల్టేజీ 3.2, 3.3 దగ్గర బల్లపరుపుగా ఉంటుంది, అందుకే బీఎంఎస్ వోల్టేజీ చూసి శాతం చెప్పలేదు. లోపలికెళ్లిన, బయటికొచ్చిన ఆంపియర్లని లెక్కబెట్టుకుంటుంది. ఫుల్‌కి చేరితేనే ఆ లెక్క సరిచేసుకుంటుంది. మీది ఎప్పుడూ చేరట్లేదు కాబట్టి తప్పు పేరుకుపోయి 30 శాతం దగ్గర తేలింది. బ్యాలెన్సింగ్ (సెల్స్‌ని ఒకదానితో ఒకటి సమం చేయడం) కూడా చాలా బీఎంఎస్‌లలో 3.4 దాటాకే మొదలవుతుంది, అంటే మీ ప్యాక్‌కి అది జరిగి ఉండదు.

ప్యాక్ తయారీదారు ఒప్పుకునే హద్దు చూసుకుని 56 వోల్టులు పెట్టండి, చివర్లో కరెంటు తగ్గించి గంటా రెండు గంటలు అక్కడే ఉంచండి. లెడ్ యాసిడ్ ఈక్వలైజ్ సెట్టింగ్ ఆఫ్‌లో ఉందో లేదో తప్పకుండా చూడండి. యాప్‌లో సెల్ వోల్టేజీలు గమనిస్తూ ఉండండి.

నీలి_ప్యాక్
పెట్టాను. 55 దాటగానే పదకొండో సెల్ 3.62కి ఎగిరింది, మిగతావన్నీ 3.43 దగ్గరే. బీఎంఎస్ ఛార్జింగ్ ఆపేసింది. ఆ సెల్ మార్చాలా?

సెల్_ఆరు
ముందు ఒకటి చూడండి. ఛార్జింగ్ కరెంటు ఆగిన మరుక్షణం ఆ 3.62 ఏమైంది? ఒక్కసారిగా మిగతావాటి దగ్గరికి పడిపోయి, లోడ్ వేయగానే అదే సెల్ అందరికంటే కిందకి దిగితే, సెల్ కంటే ముందు జాయింట్‌ని అనుమానించాలి. బస్‌బార్ (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీ) నట్టు వదులై ఉంటుంది. కరెంటు ఆగినా మిగతావాటి మీద పైనే ఉండిపోతే అది నిజమైన అసమానత.

నీలి_ప్యాక్
మెల్లగా దిగింది, ఇప్పటికీ 3.45 దగ్గర ఉంది. మిగతావి 3.37. లోడ్ వేసినా అది పైనే ఉంది.

లిథియం_లోకం
అయితే జాయింట్ కాదు, సెల్ మార్చే పనీ లేదు. ఆ సెల్ మిగతావాటికంటే ముందు నిండుతోంది, అంతే. వోల్టేజీ 55.2కి తగ్గించి, కరెంటు వీలైనంత తక్కువ పెట్టి, బ్యాలెన్సర్‌ని పని చేసుకోనివ్వండి. అది గంటకి చాలా కొద్దిగానే లాగగలదు కాబట్టి ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. పదకొండోది 3.5 కిందే ఉంటూ తేడా తగ్గుతూ వస్తే రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ 56కి వెళ్లండి. ఈలోపు యాప్‌లో శాతం నమ్మి అడుగుదాకా వాడకండి.